ర్యాలీ ఒక్కటే సరిపోదు

ఎయిడ్స్‌ను అంతం చేయాలంటే ప్రజాప్రతినిధులు అవగాహన ర్యాలీల ముందు నడవాలని ఒక వ్యాసంలో చదివాను. నడవాలి, కాదనను. కానీ వాళ్ల అసలు పని చట్టసభలో ఉంది. పార్లమెంటు 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఫిర్యాదు వస్తే అంబుడ్స్‌మన్ (ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అధికారి) 30 రోజుల్లో, ప్రాణం మీదికి వస్తే వీలైనంతవరకు 24 గంటల్లోనే ఆదేశం ఇవ్వాలి.

విశాఖ గాజువాకలో మాకు తెలిసిన అక్క ఒకావిడ పన్ను తీయించుకోవడానికి వెళ్లి, తనకు హెచ్‌ఐవీ ఉందని దాచకుండా చెప్పింది. "ఇక్కడ కుదరదమ్మా, కేజీహెచ్‌కి (విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రికి) వెళ్లండి" అన్నారు అక్కడివాళ్లు, బయట కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా. ఆ టెన్షన్‌తో ఆవిడ నెల రోజులు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి కూడా వెళ్లలేదు. మందులు మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గితే లైంగికంగా ఇంకొకరికి సోకదు. అలాంటి మందులే ఆగిపోయాయి, ఎంత ఘోరం!

మన విశాఖ ఎమ్మెల్యేలకు ఒకటే విన్నపం. ఈ చట్టం కింద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేలాయో అసెంబ్లీలో అడగండి. ఎవరికి చెప్పుకోవాలో ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాయించండి.