కమాను మీద ఏ మాట రాయాలి?

గుంటూరు శివారులో ఒక పాత శ్మశానానికి కొత్త కమాను కడుతున్నారనుకుందాం. దాని మీద ‘రుద్రభూమి’ అనో ‘స్వర్గధామం’ అనో రాయించాలని కాలనీ పెద్దలలో ఒక పక్షం, ‘శ్మశానవాటిక’ అని రాస్తే చాలునని మరొక పక్షం పట్టుపట్టగా, రెండు పక్షాల తరఫునా ఇద్దరు వాదనకు నిలిచారు. మొదటి పక్షానికి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. రెండవ పక్షానికి జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న లాయరు, ఒకప్పుడు ఆ మాస్టారి శిష్యురాలే. (సభా, మనుషులూ కల్పితం, వారు ఎత్తుకున్న సంగతులు కావు.)

మాస్టారు: చావు దగ్గర తెలుగువాడు ఎప్పుడూ మాటను ఆచితూచే వాడాడమ్మా. పోయారంటాం, కాలం చేశారంటాం, కన్నుమూశారంటాం. ‘మరణించారు’ అన్నది కాగితాల మీది మాటే గానీ ఇంట్లో నోటివెంట వచ్చే మాట కాదు. చావింటి నుంచి లేచేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనకూడదని చిన్నప్పుడే నేర్పారు కదా. దీన్ని పిరికితనం అనుకోకు. ఈ మెత్తని మాటల్లో బోలెడు సమాచారం ఉంటుంది. ‘లింగైక్యం చెందారు’ అని కార్డు వస్తే వీరశైవుల ఇల్లని, ‘ప్రభువునందు నిద్రించారు’ అని వస్తే క్రైస్తవుల ఇల్లని, పేరు చదవకముందే తెలిసిపోతుంది. ‘పరమపదించారు’ అన్నదీ మొదట వైష్ణవుల మాటే, తరవాత అందరిదీ అయింది. వీటన్నిటినీ తీసేసి ఒక్క మాట పెడితే మిగిలేది పొడి సమాచారమే.

లాయరు: ఇంటివాళ్లు వేయించుకునే కార్డు జోలికి నేను రావడం లేదు మాస్టారూ. నా తగవంతా పదిమందికీ దారి చూపవలసిన బోర్డుతోనే. విజయవాడ కృష్ణలంకలో ‘స్వర్గపురి’ ఉంది. ఊళ్లోవాళ్లకు అదేమిటో తెలుసు. మేనమామ కడసారి చూపు కోసం ఒంగోలు నుంచి పరుగున వచ్చిన మనిషికి అది ఏ అపార్ట్‌మెంటు పేరులాగానో వినిపిస్తే తప్పు అతనిదా? మన ఊళ్లో శ్మశానాన్నే చూడండి, బొంగరాలబీడు అంటాం. ఆ పేరులో రుద్రుడూ లేడు, స్వర్గమూ లేదు, ఉన్నదల్లా ఒక బీడు. అయినా ఆ మాట అంటే ఆటో అతనికి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

మాస్టారు: సూటి మాట అంటున్నావు, ఏది సూటి మాట? ‘వల్లకాడు’ కంటే అచ్చమైన తెలుగు మాట ఉందా? దాన్ని కమాను మీద రాయించగలవా? ‘ఇల్లు వల్లకాడు చేశావు’ అన్న తిట్టులో తప్ప అది ఇప్పుడు ఎక్కడా వినిపించదు. ‘కాడు’ కూడా కాటికాపరిలోనూ, కాటికి కాళ్లు చాచుకోవడంలోనూ మాత్రమే మిగిలింది. ఇక నువ్వు కావాలంటున్న ‘శ్మశానం’ సంగతి చెబుతాను. శ్మ అంటే శరీరమనీ, శరీరం పడుకునే చోటు కనుక శ్మశానమనీ, వేదాల్లోని మాటలకు అర్థాలు చెప్పిన యాస్కుడు తన నిరుక్తంలో వివరించాడు. ఇంగ్లీషువాళ్ల ‘సెమెటరీ’కి మూలమైన గ్రీకు మాటకు అర్థమూ నిద్రపోయే చోటనే. అంటే నీ సూటి మాట కూడా ఒకనాటి మెత్తని మాటే. ‘రుద్రభూమి’ని సున్నితమని ఎలా అంటావో నాకు అర్థం కాదు, చితాభస్మం పూసుకొని తిరిగే దేవుడి పేరు అది, వింటే ఒళ్లు జలదరించాలి.

లాయరు: యాస్కుడిని కాదనేంత చదువు నాకు లేదు. కానీ ఆ మాటలోని పడుకోవడం ఎప్పుడో అరిగిపోయింది, ఇవాళ శ్మశానం అంటే శ్మశానమే, నాకు కావలసిందీ అదే. మెత్తని మాటలతో నాకున్న అసలు భయం వేరు. అవి ఒక్కొక్కటిగా పనుల పేర్లను మింగేస్తున్నాయి. పేపరులో ‘అంత్యక్రియలు ముగిశాయి’ అని ఒక్క ముక్కలో రాస్తారు. అందులో ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. వాకిట్లో పచ్చి వెదురు బొంగులు రెండు పరిచి, అడ్డబద్దలు కట్టి, గడ్డి పరిస్తే పాడె అవుతుంది. కర్మ చేసే కర్త ముందు నిప్పుకుండ పట్టుకొని నడుస్తాడు. శ్మశానం చేరబోయే ముందు పాడెను నేల మీద దింపి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఊపిరి ఏమైనా మిగిలి ఉందేమోనని. అది దింపుడు కల్లం. ఆ తరువాత కర్త నీళ్లకుండ భుజాన పెట్టుకొని చితి చుట్టూ తిరుగుతుంటే, వెనక నడిచే మనిషి ఒక్కో చుట్టుకు ఒక్కో చిల్లు పొడుస్తాడు. మూడో చుట్టు అయ్యాక కుండను వెనక్కి వదిలేసి, వెనుదిరిగి చూడకుండా కొరివి పెడతాడు. తరవాత అస్థికలు ఏరే సంచయనం, వాటిని నదిలో కలపడం, పెద్దకర్మ, నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ఇవన్నీ వేరువేరు పనులు. వాటిని చేసే చేతులూ వేరువేరే; చావుడప్పు కొట్టే మనిషి, కట్టెలు పేర్చే మనిషి, కుండకు చిల్లు పొడిచే మనిషి. పని పేరు పోతే ఆ పని చేసే మనిషీ కనిపించకుండా పోతాడు.

(‘దింపుడు కల్లం ఆశ’ అన్న మాట ఇవాళ ఎన్నికల ఫలితాల వార్తల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. రాసేవారిలో ఎందరికి ఆ పాడె కళ్ల ముందు కదులుతుందో అనుమానమే.)

మాస్టారు: చక్కగా చెప్పావు, కాని చెప్పిందంతా కాల్చేవాళ్ల సంగతే. మన జిల్లాలో పూడ్చేవాళ్లు తక్కువా? జంగాలు పూడుస్తారు, కాల్చే కులాలవాళ్లు కూడా పసిబిడ్డలను పూడుస్తారు. అమెరికా నుంచి హేయర్ దొర 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్‌కు పునాది వేసిన దగ్గర నుంచి ఇక్కడి క్రైస్తవుల చావు మాటలు వేరుగా పెరిగాయి. వాళ్లు ‘పూడ్చారు’ అనరు, ‘భూస్థాపన’ అంటారు. పునరుత్థానం మీద నమ్మకం ఉన్నవాళ్లు పూడ్చడమని ఎలా అంటారు? శ్మశానం అనరు, సమాధుల తోట అంటారు. కథోలికులు నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి సమాధుల పండుగ చేసుకుంటారు. ఆ తోట గేటు మీద ‘శ్మశానం’ అని రాస్తే ఊరుకుంటారా?

లాయరు: ఊరుకోరు, ఊరుకోనక్కరలేదు కూడా. కానీ సమాధుల తోటలో ‘సమాధులు’ అన్న మాట ఉంది కదా మాస్టారూ, ఖబరస్తాన్‌లో ‘ఖబర్’ ఉన్నట్టే. లోపల ఏముందో రెండూ దాచలేదు. దాచుకుంటున్నది మనమే. చట్టమైతే ఇంకా నిక్కచ్చిగా ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షన్ ప్రకారం, శవాలకోసం కేటాయించిన స్థలానికి యజమాని గానీ కాపరి గానీ అక్కడికి వచ్చిన చావు సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయాలి. మరణాన్ని 21 రోజుల్లోపల నమోదు చేయించుకోవాలని నిబంధన. హరిశ్చంద్రుడు కాశీలో వీరబాహుడి కింద చేసిన కాటికాపరి కొలువును కథలో విని కన్నీళ్లు పెట్టుకుంటాం, అదే కొలువు చేస్తున్న మనిషిని మాత్రం పేరు పెట్టి పిలవం. చట్టం ఆ మనిషిని గుర్తించింది, మన కమాను గుర్తించదు.

మాస్టారు: పేరు మార్చినంత మాత్రాన చోటు మాయమైపోదమ్మా. అమరావతిలోని బౌద్ధ స్తూపాన్ని, ఆ మహాచైత్యాన్ని చూడు. చితి నుంచి పుట్టిందే చైత్యం. ఊరివాళ్లు దాన్ని దీపాలదిన్నె అన్నారు. అలాంటిదే భట్టిప్రోలు స్తూపం దిబ్బను 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన రాతి పెట్టెల్లో స్ఫటికపు భరిణెలు, వాటిలో అస్థిధాతువులు దొరికాయి. పేరు ఎన్నిసార్లు మారినా ధాతువులు లోపల భద్రంగానే ఉన్నాయి కదా.

లాయరు: భట్టిప్రోలులో ఉన్నాయి. దీపాలదిన్నె మాట ఏమిటి? జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కట్టించేటప్పుడు ఆ దిన్నెను తవ్వి రాళ్లు తీసుకెళ్లారు. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే తవ్వకం మొదలైపోయింది. మిగిలిన శిల్పాలు మద్రాసుకూ లండనుకూ చేరాయి. అది మహనీయుల అస్థికలున్న చోటని ఊరంతటికీ గుర్తుంటే గునపం వేయడానికి చెయ్యి వచ్చేదా?

మాస్టారు: వచ్చేది. శ్మశానమని తెలిసి తెలిసీ ఆక్రమించేవాళ్లు లేరా? ఆ కేసులు నీ కోర్టులోనే నడుస్తుంటాయి. మాట సూటిగా ఉన్నంత మాత్రాన గునపం ఆగదు.

(ఇక్కడ మాస్టారిదే పైచేయి అని నాకు తోచింది. లాయరు జవాబు చెప్పకుండా కమాను దగ్గరికే తిరిగి వచ్చారు.)

లాయరు: సరే, పని మాట మాట్లాడదాం. బోర్డు మీద ‘శ్మశానవాటిక’ అని, దాని కింద ఊరి పేరు, దహనానికి ఎటు, ఖననానికి ఎటు, కాపరి ఎవరు, రసీదు ఎక్కడ ఇస్తారు అని రాయించమంటాను.

మాస్టారు: కొడుకు భుజం మీద తండ్రి పాడె ఉన్నప్పుడు తల ఎత్తి చూస్తే ‘రసీదు’ అన్న మాట కనబడాలా? ఆ క్షణంలో వాడికి కావలసింది రుద్రుడు.

లాయరు: ఆ క్షణంలో వాడు తల ఎత్తడు మాస్టారూ. ఆ బోర్డు చదివేది మూడో రోజు సంచయనానికి ఒంటరిగా వచ్చి, ఏ చితి తనదో తెలియక నిలబడిన మనిషి.

మాస్టారు: ఆ మనిషి కోసమైతే గేటు పక్క గోడ మీద ఎంత కావాలంటే అంత రాయించు. కమాను జోలికి మాత్రం రాకు. ఒకటి, ‘స్మశానం’ అని రాయనివ్వకు, శకారంతో మొదలుకావాలి.

లాయరు: అయితే గోడ నాది. ముందు కాపరి ఫోను నంబరు కనుక్కుంటాను.