తాడు లాగే హక్కు

సూచనల పెట్టె పెట్టడానికి ఖర్చేమీ ఉండదు. అందుకే కాబోలు, చాలా కంపెనీల్లో ఉద్యోగుల భాగస్వామ్యం దానితో మొదలై దానితోనే ముగుస్తుంది. నిర్ణయాల్లో సిబ్బందికి చోటిస్తే సంస్థ పనితీరు మెరుగుపడుతుందని హెచ్‌ఆర్ విభాగాలు ఏ సదస్సులో చూసినా చెబుతాయి. నిజమే. ఆ చోటు ఇవ్వాలంటే యాజమాన్యం ఏం వదులుకోవాలో మాత్రం చెప్పవు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లో మూతపడింది. తరచూ సమ్మెలు, గుట్టలుగా ఫిర్యాదులు, ఐదింట ఒక వంతు గైర్హాజరు. తప్పంతా కార్మికులదేనని అందరూ తేల్చేశారు. 1984లో టయోటా భాగస్వామిగా చేరి అక్కడే ‘నుమ్మి’ అనే ఉమ్మడి కర్మాగారాన్ని ప్రారంభించింది. కార్మిక సంఘం అదే, కార్మికుల్లో అత్యధికులూ పాతవారే. కొద్దికాలానికే గైర్హాజరు బాగా తగ్గి, కార్ల నాణ్యత జపాన్ స్థాయికి చేరువైంది. లోపం కనిపిస్తే అక్కడ ఏ కార్మికుడైనా తాడు లాగి ఉత్పత్తిని ఆపవచ్చు. ఆపినవారి దగ్గరకు పైవాళ్లు వచ్చేది సాయం చేయడానికే, సంజాయిషీ అడగడానికి కాదు. 1980ల చివర్లో అమ్మకాలు పడిపోయినా ఎవరినీ ఇంటికి పంపలేదు, శిక్షణలో కూర్చోబెట్టారు. తానిచ్చే సలహా తన ఉద్యోగానికే ఎసరు పెట్టదన్న నమ్మకం ఉంటేనే కదా ఎవరైనా నోరు విప్పేది! ఇదే పద్ధతిని జనరల్ మోటార్స్ తన వాన్ నైస్ కర్మాగారానికి తీసుకెళ్లింది. అక్కడ మాత్రం మేనేజర్లకూ కార్మికులకూ మధ్య అపనమ్మకం తొలగలేదు. 1992లో అదీ మూతపడింది.

లాభాలున్న కంపెనీలే ఇలాంటి ఉదారత చూపగలవేమోనన్న అనుమానం సహజం. ఆ అనుమానాన్ని తీర్చేలా, అమెరికా ఉక్కు పరిశ్రమలో 36 ఉత్పత్తి లైన్లను పరిశీలించిన 1997 నాటి అధ్యయనం, ఒకే లైనులో పద్ధతులు మారకముందు, మారాక వచ్చిన ఫలితాలను కూడా పోల్చింది. బృందాలుగా పని, శిక్షణ, ఉద్యోగ భద్రత, ప్రోత్సాహకాలు కలిసి వచ్చినచోట ఉత్పాదకత పెరిగింది. ఒక్కొక్కటిగా తెచ్చినచోట పెద్ద మార్పు లేదు.

మన దగ్గర చట్టానికి కొదవ లేదు. వందమంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులతో కూడిన వర్క్స్ కమిటీ గురించి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. యాజమాన్య నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యం 1976లో రాజ్యాంగంలోని 43ఎ అధికరణమైంది. ఆ దిశగా 1990లో వచ్చిన బిల్లు చట్టం కాలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా వర్క్స్ కమిటీని ఉంచింది. క్యాంటీన్ భోజనాన్ని, విశ్రాంతి గదిలో ఫ్యాన్లను దాటి దాని చర్చ సాగుతుందా అన్నదే సందేహం. సింగరేణి ఏటా కార్మికులకు లాభాల్లో వాటా ఇస్తోంది. 2023-24కు అది, పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం. కాంట్రాక్టు కార్మికులకు ఆ ఏడాదే తొలిసారి తలకు రూ.5,000 అందాయి. ఎప్పుడు తీసేస్తారో తెలియని కాంట్రాక్టు కార్మికుడిని సలహా అడిగితే ఏం చెబుతాడు?

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు పరవాడ, పాశమైలారం వంటి పారిశ్రామికవాడలతో మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. వర్క్స్ కమిటీల్లో కాంట్రాక్టు కార్మికులకూ చోటుండాలి. ప్రమాదం పసిగట్టి యంత్రాన్ని ఆపినవారిపై చర్య తీసుకోకూడదని రాతపూర్వక హామీ ఉండాలి. కమిటీ సూచనను తోసిపుచ్చితే కారణాన్ని నోటీసు బోర్డులో పెట్టాలి.