ఎల్పీలు తిరిగొచ్చాయి సరే, మా బాబాయ్ కొట్టు సంగతేంటి?

పోయిన ఆదివారం మా అమ్మాయి లాక్కెళ్తే హైదరాబాద్‌లో ఒక కేఫ్‌కి వెళ్ళాను. గోడ నిండా గ్రామఫోన్ రికార్డులు. దగ్గరికెళ్ళి చూస్తే అందులో ఒకటి తెలుగు ఈపీ, అంటే చిన్న రికార్డు. నిమిషానికి 45 చుట్లు (ఆర్పీఎం), పక్కకి రెండేసి పాటలు. మధ్య చిల్లులోంచి మేకు దిగ్గొట్టి గోడకి తగిలించారు. "ఇవి వేస్తారా బాబూ?" అనడిగాను. "లేదు సార్, డెకరేషన్" అన్నాడు ఆ కుర్రాడు. తప్పు వాడిది కాదు. కాఫీ 350 రూపాయలు. అది మాత్రం తప్పే.

ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) యుగం తిరిగొచ్చిందని ఓ మిత్రుడి పోస్టు. కింద వందల లైకులు. అప్పటినుంచీ కడుపులో మండుతోంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో 2022లో ఎల్పీలు 4.1 కోట్లు అమ్ముడుపోతే సీడీలు 3.3 కోట్లే. 1987 తర్వాత లెక్కలో ఎల్పీ సీడీని దాటడం అదే మొదలు. 2006లో టవర్ రికార్డ్స్ లాంటి పెద్ద గొలుసు దుకాణమే అక్కడ మూతపడితే, ఇక పాటల కొట్లకి నూకలు చెల్లాయనుకున్నారు. చిన్న కొట్లవాళ్ళు మాత్రం చేతులు కలిపి 2008 ఏప్రిల్‌లో రికార్డ్ స్టోర్ డే అని ఒక పండగ మొదలెట్టారు. అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది. పండగ సంగతలా ఉంచితే, వాళ్ళని అసలు నిలబెట్టింది పాత సరుకు. కొత్త రికార్డు మీద మిగిలేది తక్కువ, సెకండ్ హ్యాండ్ రికార్డు మీద మిగిలేది ఎక్కువ. ఎవరింట్లోనో అటక దులిపితే వచ్చిన పెట్టెని కొని, దుమ్ము తుడిచి, మంచివి ఏరి పెట్టేవాడికి ఆ ఏరడంలోనే లాభం.

అక్కడా అంతా భక్తే అనుకోకండి. ఎల్పీలు కొన్నవాళ్ళలో సగం మందికే ప్లేయర్ ఉందని 2023లో లూమినేట్ అనే సంస్థ లెక్క తేల్చింది. మిగతా సగం మనం చూసిన గోడ బాపతే అయ్యుండాలి.

ఇప్పుడు మా బాబాయ్. నాకు చుట్టం కాదు, ఊరందరికీ బాబాయే. గుంటూరు జిల్లాలో మా చిన్న టౌన్లో, బస్టాండ్ ఎదురుగా రికార్డింగ్ సెంటర్, అంటే అడిగిన పాటలు క్యాసెట్లోకి ఎక్కించిచ్చే కొట్టు. అంతకుముందు పెళ్ళిళ్ళకి మైక్ సెట్ తిప్పేవాడు. అప్పటి 78 ఆర్పీఎం రికార్డులు ఒక ట్రంకు పెట్టెలో పాత చీరల మధ్య పేర్చి ఉండేవి. అవి లక్కతో చేసినవి, చేయి జారితే పెంకులే. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కొట్లో పని ఇలా ఉండేది. మనం తెల్ల కాగితం మీద పాటల లిస్టు రాసుకెళ్ళాలి. ఖాళీ క్యాసెట్ అరవై నిమిషాలదా తొంభై నిమిషాలదా చెప్పాలి. ఆయన లిస్టు చదివి ముందు మన మొహం చూసేవాడు. "ఈ విషాదం పక్కన ఈ గంతులేంట్రా?" అని వరస మార్చేవాడు. నాలుగు పాటలు కొట్టేసి, మనం ఎన్నడూ వినని రెండు చేర్చేవాడు. ఇంటికెళ్ళి తిట్టుకునేవాళ్ళం, నెల తిరిగేసరికి ఆ రెండే పాడుకునేవాళ్ళం. పక్క అయిపోయేటప్పుడు పాట సగంలో తెగితే ఆయనకి పరువు తక్కువ. రెండు నిమిషాలు మిగిలితే ఒక నాటక పద్యమో, వేణువు బిట్టో పెట్టి సరిగ్గా నింపేవాడు. అట్ట మీద పాట, సినిమా, పాడినవాళ్ళు, రాసినవాళ్ళు అన్నీ బాల్‌పెన్‌తో ముత్యాల్లా రాసిచ్చేవాడు. రాసిన కవి పేరు పాటతో పాటు ఇంటికి రావాలని నాకు అలవాటు చేసింది ఆయనే. ఇవాళ యాప్‌లో ఆ పేరు కోసం ఎన్నిచోట్ల నొక్కాలో మీకూ తెలుసు. (టేపు పెన్సిల్‌తో తిప్పడం గురించి రాయను. అందరూ రాసేశారు.)

అదంతా దొంగ వ్యాపారమే కదా అంటారు. అవును, దొంగ వ్యాపారమే. ఆ కాపీల మీద కవికి గానీ గాయకుడికి గానీ పైసా వెళ్ళలేదు. బాబాయ్‌ని దేవుణ్ణి చెయ్యడానికి ఈ పోస్టు రాయట్లేదు. కాకపోతే మేము డబ్బిచ్చింది ఆయన చెవికి.

కొట్టుని జియో చంపేసిందని అందరూ అంటారు. జియో వచ్చింది 2016లో. అప్పటికే అక్కడ ఉన్నది ప్రాణం పోయిన కొట్టు. మొదట ఎంపీ3 సీడీలొచ్చాయి, ఒక్కోదాంట్లో నూటయాభై పాటలు. తర్వాత మెమరీ కార్డులు. "బాబాయ్, 2 జీబీ నింపు" అనేవాళ్ళం. ఏ పాటలు అని ఆయన అడిగితే "ఏవో ఒకటి, నిండితే చాలు" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. పాటల్ని పేరుతో అడగడం మానేసి బియ్యం కొలిచినట్టు కొలిపించుకున్నాం. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నది వాళ్ళబ్బాయి. హీరోల పేర్లతో ఫోల్డర్లు, కాపీ, పేస్ట్, ముప్పై రూపాయలు. బాబాయ్ బయట బల్ల మీద కూర్చుని పేపర్ చదువుకునేవాడు. చెవికి పని లేకుండా పోయింది మరి.

ముంబై కాలాఘోడాలో రిథమ్ హౌస్ 2016లో మూసేస్తే ఇంగ్లీషు పేపర్లన్నీ నివాళులు రాశాయి. రాయాల్సిందే, గొప్ప కొట్టు. మా బస్టాండ్ ఎదుటి కొట్టు సెల్‌ఫోన్ కవర్ల షాపుగా మారినప్పుడు బోర్డు మార్చిన పెయింటర్ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ట్రంకు పెట్టె ఏమైందని పోయినేడు వాళ్ళబ్బాయిని అడిగాను. "పాత సామాన్ల వాడికి వేసేశాం అన్నా, ఎవరు మోస్తారు?" అన్నాడు. ఆ కేఫ్ గోడ మీద ఈపీని అంతసేపు ఎందుకు చూశానో ఇప్పుడర్థమైందా?

ఎల్పీలు కొనుక్కునేవాళ్ళని ఆపను. కొనండి, కానీ వేసి వినండి. మీ ఊళ్ళో ఇంకా ఎవరైనా బాబాయ్ మిగిలుంటే, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చోండి.

నా దగ్గర ఆయన చేతిరాతతో పదకొండు క్యాసెట్లున్నాయి. టేప్ రికార్డర్ కూడా ఉంది గానీ బెల్టు సాగిపోయి పాటలన్నీ నిద్రమత్తులో పాడినట్టు వస్తున్నాయి. హైదరాబాద్‌లో బెల్టు మార్చే మెకానిక్ ఎవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి. కూకట్‌పల్లి వైపైతే మరీ మంచిది.