స్పెయిన్ విజయాలకు పునాది వేసినవాడు లూయిస్ అరగోనెస్

ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఏళ్ల తరబడి ప్రచారంలో ఉన్న వాదన ఒకటి ఉంది. 2008, 2012 యూరో కప్పులనూ 2010 ప్రపంచ కప్పునూ స్పెయిన్ గెలవడం పూర్తిగా పెప్ గార్డియోలా బార్సిలోనాలో తీర్చిదిద్దిన ఆటతీరు పుణ్యమేననీ, 2008లో కోచ్‌గా ఉన్న లూయిస్ అరగోనెస్ అదృష్టం కలిసివచ్చిన పాతకాలపు మనిషి మాత్రమేననీ, రౌల్ వంటి గొప్ప ఆటగాడిని ఆయన పంతం కొద్దీ పక్కన పెట్టాడనీ, ఫార్వర్డ్‌గానూ క్లబ్ కోచ్‌గానూ ఆయన సాధించింది స్వల్పమేననీ ఆ వాదన సారాంశం. ఇందులో నిలబడే మాట దాదాపు లేదు.

ముందుగా తేదీలు చూడాలి. యూరో ఫైనల్ 2008 జూన్ 29న వియన్నాలో జరిగింది. అప్పటికి గార్డియోలా బార్సిలోనా ప్రధాన జట్టును ఒక్క మ్యాచ్‌లో కూడా నడిపించలేదు. ఆ సీజన్ అంతా ఆయన స్పానిష్ ఫుట్‌బాల్ నాలుగో అంచెలో ఆడుతున్న బార్సిలోనా బి జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఫ్రాంక్ రైకార్డ్ నడిపిన ప్రధాన జట్టు లీగ్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుని, ఒక్క ట్రోఫీ కూడా లేకుండా ఆ ఏడాదిని ముగించింది. ఇక జర్మనీతో ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో బార్సిలోనా వారు పుయోల్, జావి, ఇనియెస్తా ముగ్గురే. కాసియాస్, రామోస్ రియల్ మాడ్రిడ్ వారు. మార్చెనా, సిల్వా వలెన్సియా వారు. కప్దెవిలా, సెన్నా వియారియల్ వారు. ఫాబ్రెగాస్ ఆర్సెనల్‌లోనూ, గోల్ కొట్టిన టోరెస్ లివర్‌పూల్‌లోనూ ఆడుతున్నారు. జావినీ ఇనియెస్తానూ పెంచింది బార్సిలోనా అకాడమీయేనన్నది నిజం, దాన్ని ఎవరూ కాదనరు. అయితే వాళ్లను జాతీయ జట్టుకు ఇరుసుగా మార్చాలన్న నిర్ణయం వేరొకరిది.

ఆ నిర్ణయం తీసుకున్నది ఎవరన్నది ఆలోచిస్తేనే దాని విలువ తెలుస్తుంది. అరగోనెస్ పేరు తెచ్చుకున్నది బంతిని అట్టిపెట్టుకునే ఆటతో కాదు. అట్లెటికో మాడ్రిడ్‌లో ఆయన నమ్ముకున్నది వెనక్కి తగ్గి గట్టిగా కాచుకుని, ప్రత్యర్థి తెరుచుకున్న క్షణంలో మెరుపులా దాడి చేసే పద్ధతి. అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట తన జీవితకాలపు అలవాటును పక్కన పెట్టారు. అప్పటి పరిస్థితి కూడా ప్రయోగాలకు అనువైనది కాదు. 2006 ప్రపంచ కప్పులో ఫ్రాన్స్ 3–1తో స్పెయిన్‌ను ఇంటికి పంపింది. సెప్టెంబరులో బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్ 3–2తో, అక్టోబరులో స్వీడన్ 2–0తో ఓడించాయి. ఆయన తప్పుకోవాలని పత్రికలు గట్టిగా కోరాయి. ఆయన తప్పుకోలేదు, తాను అప్పటిదాకా నడిపిన జట్టునే విప్పి మళ్లీ అల్లారు. దేహబలంతోనూ ఆవేశంతోనూ నెట్టుకురావడమే స్పానిష్ ఆట అని దశాబ్దాలుగా పాతుకుపోయిన నమ్మకాన్ని ఆయన ఒప్పుకోలేదు. తన దగ్గరున్న ఉత్తమ ఆటగాళ్లు పొట్టివారనీ, తోపులాటలో వారు ఓడిపోతారనీ, బంతి వారి కాళ్ల దగ్గర ఉన్నంతసేపు ఎత్తూ బరువూ ఎవరికీ అక్కరకు రావనీ ఆయన గ్రహించారు. మైదానం అంచుల వెంట దూసుకెళ్లే హోఆకిన్ వంటి వింగర్లకు యూరో జట్టులో చోటు దక్కలేదు. వారికి బదులు జావి, ఇనియెస్తా, ఫాబ్రెగాస్, సిల్వా ఒకరికొకరు అందుబాటులో ఉంటూ ఆడితే, వారి వెనుక ఖాళీలు పూడ్చే బాధ్యతను మార్కోస్ సెన్నా ఒక్కరే మోశారు. నా దృష్టిలో ఆ టోర్నీలో దక్కవలసినంత పేరు దక్కని ఆటగాడు సెన్నాయే.

2007 ఫిబ్రవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇనియెస్తా గోల్‌తో ఇంగ్లండ్‌ను ఓడించిన మ్యాచ్‌తో ఆ మార్పు ఫలితం ఇవ్వడం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో స్పెయిన్ 3–1తో గెలిచినప్పుడు, పాస్ వెనుక పాస్ అందుకుంటూ సాగిన సుదీర్ఘమైన కదలిక చివర రామోస్ కొట్టిన గోల్‌ను చూసినవారికి, తరువాతి ఐదేళ్ల స్పెయిన్ ఆట అక్కడే కనిపిస్తుంది. యూరో సెమీఫైనల్లో రష్యాపై విల్లా గాయపడి మొదటి సగంలోనే బయటికి వెళ్లినప్పుడు, అరగోనెస్ మరో ఫార్వర్డ్‌ను కాక ఫాబ్రెగాస్‌ను దింపారు. మిడ్‌ఫీల్డర్ల సంఖ్య పెరిగాక ఆట పూర్తిగా స్పెయిన్ చేతిలోకి వచ్చింది; రెండో సగంలో జావి, గుయిజా, సిల్వా గోల్స్‌తో 3–0 అయింది, వాటిలో చివరి రెండింటికీ పాస్ ఇచ్చింది ఫాబ్రెగాసే. టోర్నీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనది జావి. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండిన జావిని ప్రపంచం ఆ స్థాయి ఆటగాడిగా గుర్తించింది ఆ జూన్ నెలలోనే, తనపై అరగోనెస్ ఉంచిన నమ్మకానికి ఆయన తరువాత బహిరంగంగానే కృతజ్ఞత చెప్పుకున్నారు.

అదృష్టం అనేవారు క్వార్టర్ ఫైనల్లో ఇటలీపై గెలిచిన పెనాల్టీలను చూపిస్తారు. 1986లో బెల్జియం చేతిలో, 1996లో ఇంగ్లండ్ చేతిలో, 2002లో దక్షిణ కొరియా చేతిలో స్పెయిన్ క్వార్టర్ ఫైనల్లో పెనాల్టీలకే ఓడింది, మూడుసార్లూ జూన్ 22ననే. ఇటలీతో మ్యాచ్ కూడా అదే తేదీన పడింది. ఆ చరిత్ర ఉన్న జట్టు భయపడకుండా నిలిచి 4–2తో గెలిచిందంటే, దాన్ని అదృష్టం ఖాతాలో వేయడం ఆ ఆటగాళ్లకూ వారిని సిద్ధం చేసిన కోచ్‌కూ అన్యాయం. పైగా మిగిలిన ఐదు మ్యాచ్‌లనూ స్పెయిన్ నిర్ణీత సమయంలోనే గెలిచింది.

రౌల్ విషయం సున్నితమైనది. 102 మ్యాచ్‌లలో 44 గోల్స్ చేసి, అప్పటికి దేశ చరిత్రలో అత్యధిక గోల్స్ తనవేనన్న కెప్టెన్‌ను తప్పించడం చాలామందికి గాయమైంది. 2007–08లో ఆయన రియల్ మాడ్రిడ్‌కు లీగ్ గెలిపిస్తూ బాగానే ఆడారు కనుక ఆ బాధకు కారణం ఉంది. కాని పంతం అనే ఆరోపణకు మైదానంలో ఆధారం కనిపించదు. రౌల్ చివరి అంతర్జాతీయ మ్యాచ్ బెల్‌ఫాస్ట్ ఓటమి. ఆ తరువాత ముందు వరుస విల్లా, టోరెస్‌లకు దక్కింది. యూరోలో విల్లా నాలుగు గోల్స్‌తో అందరికన్నా ముందు నిలవగా, టోరెస్, గుయిజా చెరి రెండు కొట్టారు. ఒక కోచ్ ఎంపికను తూచడానికి ఇంతకన్నా సూటి కొలత లేదు.

ఆటగాడిగా, క్లబ్ కోచ్‌గా ఆయన సాధించింది స్వల్పమేననడం తెలియక అనే మాట. మాడ్రిడ్ శివారు ఒర్తలేసాలో 1938లో పుట్టిన ఆయనను రియల్ మాడ్రిడ్ తీసుకుని, ప్రధాన జట్టులో ఆడించకుండానే వదులుకుంది. ఒవియెదో, బెటిస్ క్లబ్బుల మీదుగా 1964లో అట్లెటికో చేరి, పదేళ్లలో మూడు లీగ్‌లు, రెండు స్పానిష్ కప్పులు గెలిచారు. 1969–70లో అమాన్సియో, గారాతేలతో కలిసి లీగ్‌లో అత్యధిక గోల్స్ వీరుడయ్యారు. 170కి పైబడిన ఆయన గోల్స్ రికార్డును 2024లో గ్రీజ్‌మన్ దాటేవరకు ఆ క్లబ్‌లో ఎవరూ అందుకోలేకపోయారు. 1974 యూరోపియన్ కప్ ఫైనల్లో బయర్న్ మ్యూనిక్‌పై అదనపు సమయంలో ఆయన ఫ్రీకిక్‌తో గోల్ చేస్తే, చివరి నిమిషంలో ష్వార్జెన్‌బెక్ సమం చేశాడు. రెండు రోజుల తరువాత మళ్లీ ఆడిన మ్యాచ్‌లో బయర్న్ 4–0తో గెలిచింది. ఆ ఏడాదే బూట్లు విడిచి అదే క్లబ్‌కు కోచ్ అయి, యూరప్, దక్షిణ అమెరికా క్లబ్బుల మధ్య జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్పునూ, 1977 లీగ్‌నూ, 1976, 1985, 1992 స్పానిష్ కప్పులనూ తెచ్చారు. బార్సిలోనాకు 1988లో అదే కప్పు గెలిచిపెట్టారు. మయోర్కా క్లబ్‌ను 2001లో లీగ్‌లో మూడో స్థానానికి చేర్చారు. రెండో అంచెకు పడిపోయిన అట్లెటికోను 2002లో తిరిగి పైకి తెచ్చారు.

ఆయనపై వచ్చే విమర్శల్లో ఒకటి మాత్రం పూర్తిగా నిజం. 2004లో శిక్షణ సమయంలో ఫ్రెంచ్ ఆటగాడు థియరీ హెన్రీ గురించి ఆయన అన్న జాత్యహంకార మాట తప్పు, దానికి స్పానిష్ ఫెడరేషన్ వేసిన మూడు వేల యూరోల జరిమానా చాలా తక్కువ. ఆయన కోచింగ్‌ను మెచ్చుకోవడానికి ఆ మాటను దాచవలసిన పని లేదు, ఆ మాట కారణంగా జట్టు కూర్పులో ఆయన పాత్రను చెరిపేయవలసిన పనీ లేదు.

చివరగా, 2010 నాటికి అంతా బార్సిలోనామయం అయిందనే మాట. జొహానెస్‌బర్గ్ ఫైనల్ మొదలుపెట్టిన వారిలో ఆ సీజన్‌లో బార్సిలోనాకు ఆడినవారు ఆరుగురు ఉన్న మాట వాస్తవమే, గార్డియోలా ప్రభావం అప్పటికి బలంగా ఉంది. కాని ఆ పదకొండు మందిలో 2008 యూరో జట్టులో లేనివారు పికె, బుస్కెట్స్, పెడ్రో ముగ్గురే. అరగోనెస్ కింద 2007లో మొదలైన అజేయ వరుస, ఆయన తరువాత విసెంతె దెల్ బోస్కె కోచ్‌గా వచ్చాక 2009 జూన్‌లో అమెరికా ఓడించేవరకు 35 మ్యాచ్‌ల పాటు తెగలేదు. దెల్ బోస్కె ఆ జట్టును కూలదోయకుండా దానిమీదే కట్టారు, అది ఆయన విజ్ఞత. నెదర్లాండ్స్‌పై ఇనియెస్తా చేసిన ఆ ఒక్క గోల్‌కు చివరి పాస్ ఇచ్చినది కూడా, అప్పటికి ఆర్సెనల్ ఆటగాడైన ఫాబ్రెగాసే.