ఫ్రీ హైపర్‌వైజరా? ముందు బ్యాకప్ సంగతి అడగండి

అనంతపురంలో ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలనుకునే ప్రతి ఒక్కరిదీ మొదటి ప్రశ్న ఒకటే: "ఫ్రీగా ఏది దొరుకుతుందప్పా?" ఒక్క కంప్యూటర్ మీద విడివిడి కంప్యూటర్లలా పనిచేసే వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్, ఫ్రీగా దొరికేవి బోలెడు. బ్యాకప్ తీసుకోనిస్తుందా, కరెంటు పోయి వస్తే తనంతట తాను లేస్తుందా అని అడిగేవాళ్లే తక్కువ.

ఆఫీసులో ఉంది కదా అని ఇంట్లోనూ వీఎంవేర్ కంపెనీ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ వేస్తారు. వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొనేసింది. 2024 ఫిబ్రవరిలో ఫ్రీ ఎడిషన్ ఎత్తేసింది, 2025 ఏప్రిల్లో మళ్లీ తెచ్చింది. ఇచ్చేదీ వాళ్లే, లాక్కునేదీ వాళ్లే. పైగా ఫ్రీ దాంట్లో బయటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు దారిచ్చే ఏపీఐ ఉండదు కాబట్టి వీమ్ లాంటివి పనిచేయవు. చౌక బోర్డుల్లోని రియల్‌టెక్ ల్యాన్ చిప్‌కు దాని ఇన్‌స్టాలర్‌లో డ్రైవర్ ఉండదు, ఇన్‌స్టాలేషన్ అక్కడే ఆగుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్రీ హైపర్-వీ సర్వర్ 2019 వెర్షన్‌తోనే ఆఖరు. ఎక్స్‌సీపీ-ఎన్‌జీ మంచిదే కానీ ఒక్క చిన్న డబ్బాకు అంత హంగు అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవడానికి సరిపోతుంది.

నా ఓటు ప్రాక్స్‌మాక్స్‌కే. డెబియన్ లినక్స్ మీద వీఎంలకు కేవీఎం, తేలికపాటి కంటైనర్లకు ఎల్ఎక్స్‌సీ రెండూ ఉంటాయి, బ్యాకప్ అందులోనే ఉంటుంది, ఏదీ తాళం వేసి పెట్టరు. వేసిన వెంటనే అప్‌డేట్ కొడితే 401 ఎర్రర్ వస్తుంది. చాలామంది అక్కడే జడుసుకుంటారు. అప్‌డేట్లు ఎక్కడి నుంచి రావాలో చూపే రిపాజిటరీల పేజీలో డబ్బు కట్టినవాళ్లకిచ్చే ఎంటర్‌ప్రైజ్‌వి, సెఫ్ స్టోరేజ్‌ది కూడా, డిసేబుల్ చేసి నో-సబ్‌స్క్రిప్షన్ రిపో చేర్చితే సరి. లాగిన్‌లో వచ్చే సబ్‌స్క్రిప్షన్ పాపప్‌కు ఓకే కొట్టండి, దాన్ని పీకేయడానికి ఎవరివో స్క్రిప్టులు రూట్‌గా (పూర్తి అధికారాలతో) నడపొద్దు.

బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చుకునే సెకండ్ హ్యాండ్ చిన్న డెస్క్‌టాప్, ఐ5-8500టీ లాంటిది, 16 జీబీ ర్యామ్‌తో ఇంటికి చాలు. సగటున 20 వాట్లు లాగితే నెలకు 14 యూనిట్ల చిల్లర, 70 వాట్ల పాత టవరైతే 50 దాటుతుంది. బయోస్‌లో, వీఎంలకు ప్రాసెసర్ సాయమిచ్చే వీటీ-ఎక్స్ ఆన్ చేయండి. అక్కడే "కరెంటు వచ్చాక ఆన్ అవ్వాలి" అనే సెట్టింగు కూడా ఉంటుంది. ప్రతి వీఎంకూ స్టార్ట్ ఎట్ బూట్ టిక్ పెట్టకపోతే డబ్బా లేస్తుంది, లోపలివి పడుకునే ఉంటాయి.

జడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మోజు ఒకటుంది. మామూలు ఎస్ఎస్‌డీలో కరెంటు పోతే డేటా కాపాడే కెపాసిటర్లుండవు. డిస్కులో పడేదాకా ఆగే సింక్ రైట్లు దాంతో నెమ్మదిస్తాయి, డ్రైవ్ త్వరగా అరుగుతుంది. ర్యామ్‌లో జడ్ఎఫ్ఎస్ తీసుకునే వాటా వేరే. ఒక్క డిస్కున్నవాళ్లు డిఫాల్ట్ ఎక్స్‌టీ4, ఎల్‌వీఎం-థిన్‌తో ఉండిపోండి. వీఎంల డిస్కులుండే ఆ థిన్ పూల్ మాత్రం నూరు శాతం నిండనివ్వొద్దు, నిండితే వీఎంలన్నీ ఐఓ ఎర్రర్‌తో ఒకేసారి కూలబడతాయి. వీఎం డిస్క్ క్యాష్‌ను అన్‌సేఫ్‌లో పెట్టి "ఎంత స్పీడో" అని మురిసిపోయేవాళ్లకు డేటా పోగొట్టుకోవడానికి ఒక్క పవర్ కట్ చాలు.

ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే ముందు దాని వెనక స్విచ్ చూడండి. నార్మల్ మోడ్‌లో బ్యాటరీకి మారేలోగా సర్వర్ రీబూట్ అవుతుంది. యూపీఎస్ మోడ్ వేగంగా మారుతుంది, కాకపోతే ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఊరికే బ్యాటరీ మీదికి పోతుంటుంది. సర్వర్‌కు విడిగా చిన్న యూపీఎస్, యూఎస్‌బీ కేబుల్, యూపీఎస్‌ను కనిపెట్టుకుని ఉండే నట్ సాఫ్ట్‌వేర్ పెడితే బ్యాటరీ అయిపోకముందే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది.

వీఎంలను ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జ్‌ను వైఫై మీద వేయాలని చూడొద్దు. యాక్సెస్ పాయింట్ ఒక కనెక్షన్‌కు ఒక్క మ్యాక్ అడ్రసునే (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఒప్పుకుంటుంది, వీఎంల ప్యాకెట్లు అక్కడే పోతాయి. వీఎం డిస్కును వేగం కోసం వర్ట్‌ఐఓ రకంగా పెట్టి విండోస్ వేస్తుంటే డిస్కే కనిపించదు, వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓ రెండో సీడీగా పెట్టి డ్రైవర్ లోడ్ చేయాలి. గ్రాఫిక్స్ కార్డును నేరుగా ఒక వీఎంకు అప్పగించే (పాస్‌త్రూ) ముందు, ఏ పరికరాలు కలిసే వెళ్తాయో చెప్పే ఐఓఎంఎంయూ గ్రూపు చూసుకోండి. అదే గ్రూపులో ల్యాన్ కూడా ఉంటే కొండనాలుకకు మందేసి ఉన్న నాలుక ఊడగొట్టుకున్నట్టే.

బ్యాకప్‌ను అదే డిస్కులో దాచేవాళ్లకు చెప్పేదేం లేదు. యూఎస్‌బీ డిస్కు పెట్టినా ఒక మెలిక ఉంది: అది మౌంట్ కాని (సిస్టమ్‌కు తగులుకోని) రోజు బ్యాకప్ ఫైళ్లు సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్‌లోకే పోయి దాన్ని నింపేస్తాయి. స్టోరేజ్ కాన్ఫిగ్‌లో ఆ డైరెక్టరీని మౌంట్‌పాయింట్ అని ప్రకటిస్తే, డిస్కు లేనప్పుడు జాబ్ ఫెయిలై ఊరుకుంటుంది. నెలకోసారి ఒక వీఎంను వేరే ఐడీతో రిస్టోర్ చేసి, నెట్‌వర్క్ కార్డు డిస్‌కనెక్ట్ చేసి బూట్ చేసి చూడండి. కనెక్ట్ అయి ఉంటే ఒకే ఐపీతో రెండు మెషీన్లు కొట్టుకుంటాయి.