తాడు విసరడం ఎవరు నేర్పాలి?

2024 సెప్టెంబర్ 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది పొద్దున్నుంచి రాత్రి దాకా ఇరుక్కుపోయారు. మున్నేరు పొంగింది, వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి వెళ్లి అందరినీ తీసుకొచ్చాడు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ తొమ్మిది ప్రాణాలు ఒక డ్రైవర్ తెగింపు మీద ఎందుకు ఆధారపడాల్సి వచ్చిందో ఎవరూ అడగలేదు. సన్మానాలు చేసి మర్చిపోయాం.

జాతీయ విపత్తు స్పందన దళాన్ని (ఎన్డీఆర్ఎఫ్) నేను తప్పుపట్టడం లేదు. పదో బెటాలియన్ ఉండేది గన్నవరం దగ్గర కొండపావులూరులో. సరిగ్గా ఆ రోజుల్లోనే బుడమేరు విజయవాడను ముంచింది, హైదరాబాద్ హైవే మీద కూడా నీళ్లు పారాయి. వాగులో కొట్టుకుపోతున్న మనిషికి ఉండేది నిమిషాలే. ఎంత గొప్ప జట్టయినా గంటల తర్వాత చేరితే వెతకాల్సింది శవాన్నే. కాబట్టి పారే నీళ్లలోంచి మనిషిని కాపాడే విద్య నేర్పాల్సింది వాగు పక్కన ఉండేవాళ్లకు. ప్రతి వాగు మండలంలో కానిస్టేబుల్, లైన్‌మన్, ట్రాక్టర్ డ్రైవర్, చేపలు పట్టేవాళ్లు కలిసి పదిమంది జట్టు ఉండాలి. ఏటా జూన్‌కు ముందే వాళ్లు నీళ్లలో సాధన చేసి సిద్ధంగా ఉండాలి.

చెరువులో ఈత వచ్చినంత మాత్రాన వాగులో ఈదలేం. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. అడుగు లోతు చాలు చిన్న కారును తేల్చడానికి, రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. చప్టా మీద నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయి కదా అని బండి దింపేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. నీళ్లలో పడితే ముందు లేచి నిలబడాలనిపిస్తుంది. అదే ప్రాణం తీస్తుంది. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే ఒరవడి మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది, నడుం లోతులో కూడా. వెల్లకిలా పడుకుని, కాళ్లు కిందికి పారే వైపు చాపి, పాదాలు పైకి తేల్చి ఉంచాలి. ఎదురొచ్చే రాయిని తలతో కాకుండా కాళ్లతో తన్నాలి. ఒక్క పూటలో నేర్పగలిగే విషయం ఇది.

చెక్‌డ్యామ్ సంగతి ఇంకా భయంకరం. వరదప్పుడు పైనుంచి నున్నగా జారిన నీళ్లు కింద సుడి తిరిగి మళ్లీ గోడ వైపే వస్తాయి. అక్కడ పడ్డవాణ్ని తేల్చి, వెనక్కి లాగి, మళ్లీ ముంచుతాయి. గజ ఈతగాడికైనా తప్పించుకోవడం కష్టం. ఆదివారం మన కుర్రాళ్లు సెల్ఫీలు దిగేది అక్కడే. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో డ్యామ్ నీళ్లు వదిలితే హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది పోయారు. నీళ్లు పెరుగుతుంటే బండరాళ్ల మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడిన ఆ పిల్లల వీడియో చూసి రాష్ట్రమంతా ఏడ్చింది. ఆ తర్వాతైనా కాలేజీల్లో ఒక క్లాసు పెట్టామా?

సగం శిక్షణతో జనం ఉత్సాహపడి నీళ్లలోకి దూకుతారని, నిపుణులకే వదిలేయాలని కొందరు అధికారులు అంటారు. శిక్షణ లేనప్పుడే కదా దూకుతున్నది! మునిగేవాణ్ని కాపాడబోయి మునిగినవాళ్ల వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. ఈ విద్యలో మొదటి పాఠమే దిగొద్దని. ముందు కర్ర అందించాలి, కుదరకపోతే తాడు విసరాలి, అదీ కాకపోతే పడవ. మనిషి దిగడం ఆఖరి మాట.

ఆ తాడు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఇరవై మీటర్ల తేలే తాడును చిన్న సంచిలో కుక్కి ఉంచుతారు. ఒక కొస చేత్తో పట్టుకుని, సంచిని మనిషి తల దాటి పడేలా విసురుతారు. అతను తాడు పట్టుకుని వెల్లకిలా తిరిగితే చాలు, ఒరవడే అతన్ని వంపు తిప్పి గట్టుకు చేరుస్తుంది. గట్టున ఉన్నవాడు తాడును చేతికి చుట్టుకోకూడదు, కొట్టుకుపోయేవాడి నడుముకూ కట్టకూడదు.

ఎందుకు కట్టకూడదో మా ఊరి వాగులో చిన్నప్పుడు చూశాను. కొట్టుకుపోతున్న గేదె కోసం ఒకాయన నడుముకు మోకు కట్టుకుని దిగాడు. మోకు బిగుసుకోగానే మనిషి నీటి అడుక్కి పోయాడు. గట్టున ఉన్నవాళ్లు భయపడి ఇంకా గట్టిగా లాగారు. అప్పుడు వలలు వేసే ఒక ముసలాయన పరిగెత్తుకొచ్చి "వదలండ్రా, మోకు వదలండి!" అని అరిచాడు. వదిలారు. మనిషి తేలాడు, కింద వంపులో చింతచెట్టు దగ్గర గట్టెక్కాడు.

నాకు అసలు బాధ ఇక్కడే. చేతిలో ఉన్న విద్యను మనం విద్యగా లెక్కపెట్టం. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగితే ముందుగా నాటు పడవల్లో వెళ్లి మనుషుల్ని లాగింది ఆ చుట్టుపక్కల గిరిజనులే. 38 రోజుల తర్వాత పడవను బయటికి తీసింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఆ రోజు చప్పట్లు కొట్టాం. తర్వాత వాళ్ల అనుభవాన్ని పాఠంగా మార్చామా? ఊరూరా పోలీసులు పిలిస్తే వచ్చి శవాలు తీసే గజ ఈతగాళ్లకు లైఫ్ జాకెట్, బీమా, నెల జీతం ఇవ్వాలి. కేంద్రం ఆపద మిత్ర పథకం పెట్టి 350 జిల్లాల్లో లక్ష మందికి 12 రోజుల శిక్షణ అంది. మంచిదే. కానీ వరద, భూకంపం, అగ్నిప్రమాదం, ప్రథమ చికిత్స అన్నీ ఆ 12 రోజుల్లోనే అయితే పారే నీళ్లకు మిగిలేదెంత? విడిగా వారం రోజులు వాగులోనే నేర్పాలి. నేర్పేవాళ్లలో ఎన్డీఆర్ఎఫ్ జవాను పక్కన ఆ వాగు సుడులు తెలిసిన మత్స్యకారుడూ ఉండాలి, గురువుగా, జీతంతో.

మా ఊరి ముసలాయన పోయి చాలా ఏళ్లయింది. ఏ సుడి ఎటు తిప్పుతుందో, మోకు ఎప్పుడు వదలాలో ఆయన్ని కూర్చోబెట్టి ఎవరూ అడగలేదు. ఆ వాగు మీద ఇప్పుడు చెక్‌డ్యామ్ ఉంది.