మహారాజశ్రీ లప్పం గారికి బహిరంగ లేఖ

కార్ల సొట్టలు పూడ్చే మహారాజశ్రీ గౌరవనీయులైన లప్పం గారికి, అమెరికా పాత కార్ల పిచ్చి పట్టినవాళ్లమంతా చేతులు జోడించి రాసుకుంటున్నది. ఉభయకుశలోపరి.

తమరు ఏ 1966 మస్టాంగ్ వెనక చక్రం పైనో అరంగుళం మందాన పరుచుకుని, మెరిసే ఎర్ర రంగు కప్పుకుని సుఖంగా ఉన్నారని తలుస్తాం. మేమిక్కడ ఆ కారు చుట్టూ టార్చిలైటు పట్టుకుని తిరుగుతున్నాం.

అమెరికాలో తమరు బాండో అన్న ఇంటిపేరుతో వెలిగిపోతున్నారు. పుట్టుక గొప్పదే: పాలియెస్టర్ రెజిన్, టాల్క్ పొడి, కలిపే ముందు కాస్త పెరాక్సైడ్ హార్డెనర్. తమ అర్హతలు కూడా అందరికీ తెలిసినవే. శుభ్రమైన రేకు మీద చిన్న సొట్టను చదును చేయడం, అదీ పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, దాటకుండా. టింకరింగ్ బాగా తెలిసినవాడైతే 3 మిల్లీమీటర్ల దగ్గరే ఆపేస్తాడు.

మరి తమరు వెలగబెడుతున్న ఉద్యోగాలో? మిషిగన్, ఒహాయో చలికాలాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు తలుపు కింది రాకర్ ప్యానెల్‌ను తినేస్తే ఆ ఖాళీలో తమరే. వెనక చక్రం చుట్టూ ఉండే పక్క రేకు, అంటే క్వార్టర్ ప్యానెల్, కింది అంచు మాయమైతే తమరే. 1957 షెవర్లె హెడ్‌లైటు పైన కనుబొమ లాంటి రేకు రాలిపోతే అక్కడా తమరే. అటెండరుగా చేరిన మనిషి కలెక్టరు కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టేస్తున్నట్టుంది వ్యవహారం. ఆ సంతకాలు నమ్మి డాలర్లు లెక్కపెట్టేవాళ్లలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు ఇంజనీర్లు కూడా ఉంటే ఆశ్చర్యం లేదు. ఏటా ఆగస్టులో వుడ్‌వార్డ్ అవెన్యూ మీద సాగే పాత కార్ల ఊరేగింపు చూశాక చెక్కుబుక్కు చేతిలో నిలవడం కష్టం.

తమ బలహీనత నీళ్లు. తమలోని టాల్క్ తేమ పీలుస్తుంది. వెనక రేకుకు చిల్లు ఉంటే తేమ తమ వీపు వైపు నుంచి ఎక్కుతుంది. తుప్పు తమకూ రేకుకూ మధ్య చేరి ఉబ్బి, తమను రంగుతో సహా పైకెత్తుతుంది. మొదట చక్రం వంపు దగ్గర చిన్న బొబ్బ ఒకటి, తర్వాత వరసగా బొబ్బలు. పైగా ఎండకు రేకు ఒకలా సాగుతుంది, తమరు ఇంకోలా. అందుకే మందం ఎక్కువైన చోట పగులు కూడా వస్తుంది. ఇవన్నీ బయటపడేసరికి అమ్మినవాడు ఫోను ఎత్తడు.

తమను పట్టుకోవడానికి మాకు మొదట గుర్తొచ్చేది అయస్కాంతం. తమ అభిమానులు బోల్తా కొట్టించేది కూడా అక్కడే. ఘనంగా నియోడిమియం అయస్కాంతం తీసి, "చూడండి, ఎలా పట్టిందో!" అంటారు. అది 3 మిల్లీమీటర్ల లప్పం పైనుంచి కూడా రేకును పట్టుకోగలదు. మాకు కావలసింది ఫ్రిజ్ తలుపుకు అంటించే మెత్తటి, బక్క అయస్కాంతం. రంగు గీసుకోకుండా పలచటి గుడ్డ ముక్క అడ్డుపెట్టి చక్రాల వంపుల చుట్టూ, తలుపుల కింది ఆరంగుళాల మేర, ముందు ఫెండర్ (మడ్‌గార్డు) వెనక మూలలో, ట్రంకు (డిక్కీ) మూత అంచుల్లో నడిపించాలి. కుడివైపు పట్టిన చోటే ఎడమవైపు జారిపోతే అక్కడ తమ కాపురం ఉన్నట్టు. ఒక్కచోట మాత్రం తమ మీద అభాండం వేయకూడదు. పైకప్పు క్వార్టర్ ప్యానెల్‌ను కలిసే అతుకులో ఆ రోజుల్లో చాలా కార్లకు ఫ్యాక్టరీలోనే సీసం కరిగించి నింపేవారు. సీసానికీ అయస్కాంతం అంటదు. అక్కడ జారిందని బేరం చెడగొట్టుకున్నవాడు సలక్షణమైన కారు వదులుకున్నట్టే.

రంగు మందం కొలిచే మీటరు ఉంటే పని ఇంకా సులువు. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. 200, 300 కనిపించినంత మాత్రాన నేరం కాదు, ఇంత వయసున్న కారుకు రెండో రంగు పడదా ఏమిటి? ప్యానెల్ అంతా 250 చూపించి ఒక్క మూలలో 1,000 దాటితే మాత్రం కింద ఉన్నది రంగు కాదు, తమరు.

అసలు సాక్ష్యం ప్యానెల్ వెనకాల దొరుకుతుంది. ట్రంకులో చాప ఎత్తి, పక్క అట్టలు తీసి, క్వార్టర్ ప్యానెల్ లోపలి ముఖం మీద లైటు వేయాలి. చిల్లుల్లోంచి అవతలికి పొంగి గడ్డకట్టిన తమ శరీరభాగాలు అక్కడ వేలాడుతుంటాయి. వాటికి ఆసరాగా తీగ జల్లెడ, ఫోమ్, రివెట్లు కొట్టిన అల్యూమినియం ముక్క, ఒక్కోసారి ఉండచుట్టిన న్యూస్‌పేపరు. పేపరు మీద తేదీ చెక్కుచెదరకపోతే తమ జాతకం రాయడానికి అదే ఆధారం. లోపలి ముఖానికి కూడా దట్టంగా నల్లటి అండర్‌కోటింగ్ కొత్తగా కొట్టి ఉంటే బేరం ఆపి, ఆ పూత గీకి చూడనిస్తారా అని అడగడమే. "కొత్త రంగు" అని చెప్పి, రంగుకు ముందు తీసిన ఫొటో ఒక్కటీ చూపించలేనివాడు ఆ మాటకు జవాబు కూడా చెప్పలేడు.

తమను దొరకబుచ్చుకున్నామన్న సంబరంలో పెద్ద రోగాలు మరిచిపోతుంటాం. అది తమకే లాభం. మస్టాంగ్‌లో ముందు అద్దం కింద గాలి లోపలికి వచ్చే కౌల్ ఉంటుంది. ఆకులు చేరి, తేమ నిలిచి, లోపల గాలి గొట్టం అంచు తుప్పు పడుతుంది. పైనుంచి ఏమీ కనిపించదు. గ్రిల్ మీద కొన్ని నిమిషాలు పైపుతో నీళ్లు పోసి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూడాలి. కార్పెట్ మీద చుక్క పడిందంటే రెండు పొరల రేకును కలిపిన స్పాట్ వెల్డింగులన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్లు చేసి విప్పాలి. అది కొత్త ఫెండర్ బిగించినంత తేలిక కాదు, బేరంలో ఆ ఖర్చు కలపాల్సిందే. 1968 నుంచి 1972 వరకు వచ్చిన షెవర్లె షెవెల్‌లో వెనక అద్దం కింది గాడి కథ కూడా ఇదే. స్టీలు పట్టీ కింద నీళ్లు నిలిచి, అక్కడినుంచి ట్రంకు నేల మీదకు కారుతాయి. పైకప్పుకు వినైల్ తొడుగు ఉంటే తుప్పు దాక్కోవడానికి చోటు రెట్టింపు. ఇక పైకప్పు లేని మస్టాంగ్‌ను జాకీతో ఎత్తేటప్పుడు తలుపు సందు మారుతుందేమో, తలుపు పట్టేస్తుందేమో చూడాలి. బాడీకి బలమిచ్చేది రాకర్లే. అవి పోయిన చోట తమరు నిలబడ్డారంటే కారు మధ్యలో వంగిందన్నమాట. పైన పటారం, లోన లొటారం.

కారు కొనేశాక తమకు వీడ్కోలు చెప్పే పద్ధతి ఇదీ. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, తమను పూర్తిగా గీకేసి, మెరిసే ఇనుము తేలేదాకా తుప్పు కత్తిరించాలి. కొత్త ముక్కను చిల్లు సైజుకు సరిపోయేలా చేసి అంచుకు అంచు ఆనించాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే మధ్యలో తేమ చేరి మళ్లీ తమకే ఆహ్వానం పంపినట్టు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. తీగ కరిగించి అతికే మిగ్ వెల్డింగుకు 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ సరిపోతాయి. గీత గీసినట్టు ఏకబిగిన లాగకూడదు. అంగుళానికో చుక్క చొప్పున, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, చేయి ఆనించగలిగేంత చల్లారనిచ్చి మళ్లీ మధ్యలో. తొందరపడితే ప్యానెల్ అలలు తిరుగుతుంది, ఆ అలలు పూడ్చడానికి మళ్లీ తమ కాళ్లే పట్టుకోవాలి. వెల్డు అయ్యాక వెనకవైపు ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో సీలర్, మూసి ఉండే గూళ్లలో మైనం.

అప్పుడు తమకు సగౌరవంగా కబురు పంపుతాం. 80 నంబరు ఎమరీతో గరుకు చేసిన ఇనుము మీదకో, పైపూతకు గడువు దాటని ఎపాక్సీ ప్రైమర్ మీదకో దయచేయండి. వంద గ్రాముల తమకు రెండు గ్రాముల హార్డెనర్. ఎక్కువైతే కొన్నాళ్లకు రంగులోంచి పసుపు మరక బయటికొస్తుంది, తక్కువైతే తమరు ఎప్పటికీ గట్టిపడరు. అట్టముక్క మీద కలపకూడదు, అది తమలోని ద్రవాన్ని పీల్చేస్తుంది. గిలక్కొట్టకూడదు, గాలి చేరి సూది బెజ్జాలు పడతాయి. ప్లాస్టిక్ పలక మీద ఒకే రంగు వచ్చేదాకా మడతపెట్టి, మూడు నాలుగు నిమిషాల్లో పలచగా పూసేయాలి. పావుగంట, ఇరవై నిమిషాలకు పొడవాటి బ్లాకుతో 80, తర్వాత 180. నీళ్లు పోసి రుద్దడం నిషిద్ధం, కారణం పైనే విన్నవించుకున్నాం. చివరకు ప్యానెల్ మీద తమరు కాగితమంత మిగులుతారు. తమ హోదా అంతే.

మస్టాంగ్, కమారో లాంటివాటికి దాదాపు ఏ మూల రేకు కావాలన్నా కొత్తగా తయారైనది దొరుకుతుంది. పైకప్పు వెనక దాకా ఏటవాలుగా దిగే 1967 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్‌కైతే బాడీ మొత్తం కొత్తగా అమ్ముతున్నారు. అక్కడ తమను అరంగుళం పూసినవాడికి సాకు లేదు. ఆదరణ తక్కువైన ఏ అమెరికన్ మోటార్స్ (ఎ.ఎం.సి.) అంబాసిడర్‌కో (మన అంబాసిడర్ కాదు) క్వార్టర్ ప్యానెల్ కావాలంటే ఊళ్లు తిరగాలి, లేదా రేకు వంచి సొంతంగా చేసుకోవాలి. అలాంటి బండిలో తమరు ఎదురైతే మా కోపం సగానికి తగ్గుతుంది. ధర మాత్రం అంతకంటే ఎక్కువే తగ్గిస్తాం.

ఇట్లు,
జేబులో బక్క అయస్కాంతంతో తిరిగే
తమ విధేయులు

తా.క.: 1953 నుంచీ ఫైబర్‌గ్లాస్ ఒళ్లుతో వస్తున్న కార్వెట్ దగ్గర అయస్కాంతం పప్పులు ఉడకవని తమరు నవ్వుకుంటున్నట్టు తెలిసింది. 1963 మోడల్ నుంచి చాలా ఏళ్లపాటు వచ్చినవాటిలో సీట్ల చుట్టూ ఉక్కు పంజరం ఉంటుంది. పాదాల పక్కనున్న కిక్ ప్యానెల్ విప్పి, ముందు అద్దం స్తంభం అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తాం. అక్కడ తమ అవసరం ఎవరికీ ఉండదు.